కుటుంబ డిజిటల్ ఫోటోల అమరిక

కుటుంబ డిజిటల్ ఫోటోల అమరిక అనగా ఒక కుటుంబానికి చెందిన డిజిటల్ ఛాయాచిత్రాలను కంప్యూటరులో ఒకచోట చేర్చి, కాలక్రమంలో పేర్చి, వాటిలోని వ్యక్తులను, సందర్భాలను నమోదు చేసి, చెడిపోకుండా భద్రపరచే పని. డిజిటల్ కెమెరాలతోను, సెల్‌ఫోన్లతోను తీసిన ఫోటోలతో పాటు పాత ఆల్బముల నుండి స్కాను చేసిన ఫోటోలు కూడా ఇందులోకి వస్తాయి. ఫోటో తీసిన తేదీని, సమయాన్ని కెమెరా తనంతట తానే నమోదు చేస్తుంది. ఫోటోలో ఉన్నవారు ఎవరో మాత్రం వారిని ఎరిగినవారే చెప్పగలరు. కాబట్టి ఫైళ్ళను సర్దే పనిని ఎప్పుడైనా చేసుకోవచ్చు గాని, పేర్లు రాసే పనిని ఇంటి పెద్దలు ఉండగానే పూర్తి చేయవలసి ఉంటుంది.

నేపథ్యం

మొట్టమొదటి డిజిటల్ కెమెరాను 1975లో అమెరికాకు చెందిన ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో ఇంజనీరు స్టీవెన్ సాసన్ రూపొందించాడు. దాని స్పష్టత 0.01 మెగాపిక్సెలు. ఒక్కొక్క చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయడానికి 23 సెకండ్లు పట్టేది. చిత్రాలను తక్కువ పరిమాణంలోకి కుదించే జెపెగ్ ప్రమాణం 1992లో వెలువడింది. 2000 దశకంలో డిజిటల్ కెమెరాలు, ఆ తరువాత కెమెరా గల ఫోన్లు మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చాయి.

ఫిల్ము కాలంలో ఒక రీలుకు సాధారణంగా 36 ఫోటోలు వచ్చేవి. ఫిల్ముకు, కడిగించడానికి, ప్రింట్లకు విడివిడిగా ఖర్చయ్యేది గనుక ఆచితూచి తీసేవారు. ప్రింటు వెనుక పేరు, తేదీ రాసే అలవాటు చాలా ఇళ్ళలో ఉండేది. డిజిటల్ పద్ధతిలో అదనపు ఫోటోకు ఖర్చు లేకపోవడంతో ఒక్క పెళ్ళిలోనే వేల ఫోటోలు పోగవుతున్నాయి. వెనుక రాసుకోవడానికి అట్ట లేదు. ఫలితంగా ఫోటోల సంఖ్య పెరిగి, వాటి గురించిన వివరం తగ్గిపోయింది.

ఫోటో ఫైలులోని సమాచారం

డిజిటల్ ఫోటో ఫైలులో బొమ్మతో పాటు దానిని గురించిన సమాచారం కూడా ఇమిడి ఉంటుంది. దీనిని మెటాడేటా అంటారు. కుటుంబ ఫోటోల విషయంలో మూడు రకాలు ముఖ్యమైనవి.

* ఎక్సిఫ్: జపాను ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1995లో రూపొందించిన ప్రమాణం. ఫోటో తీసిన తేదీ, సమయం, కెమెరా నమూనా, లెన్సు వివరాలు ఇందులో ఉంటాయి. ఫోన్లలో అనుమతి ఇచ్చినపుడు తీసిన స్థలపు అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి.
* ఐపీటీసీ: వార్తాపత్రికల అవసరాల కోసం ఏర్పడిన ప్రమాణం. శీర్షిక, వ్యాఖ్య, సూచికా పదాలు రాయడానికి ఇందులో స్థానాలున్నాయి.
* ఎక్స్‌ఎంపీ: అడోబీ సంస్థ 2001లో ప్రవేశపెట్టినది. 2012లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీనిని ప్రమాణంగా స్వీకరించింది. ఇది యూనీకోడును వాడుతుంది గనుక తెలుగులో రాసిన వ్యాఖ్యలు చెడిపోకుండా నిలుస్తాయి.

ఈ మూడింటిలో ఎక్సిఫ్ దానంతట అదే నిండుతుంది. తక్కిన రెండింటిని మనుషులు నింపవలసి ఉంటుంది. ప్రింటు వెనుక రాసిన రాతకు డిజిటల్ ఫోటోలో సమానమైనవి ఇవే.

ఒకచోట చేర్చడం

కుటుంబ ఫోటోలు సాధారణంగా పాత కంప్యూటర్లు, సీడీలు, పెన్‌డ్రైవులు, మెమొరీ కార్డులు, పలువురి ఫోన్లలో చెదరి ఉంటాయి. ముందుగా వీటన్నింటిని ఒకే హార్డుడిస్కులోకి తెచ్చి, వచ్చిన చోటును బట్టి వేరువేరు ఫోల్డర్లలో ఉంచుతారు. సీడీల మీది రంగు పొర కాలక్రమంలో చెడిపోతుంది గనుక వాటిని మొదట నకలు చేయడం మంచిది. మూలాలను వెంటనే చెరిపివేయకుండా, పని మొత్తం పూర్తయి కనీసం రెండు నకళ్ళు సిద్ధమైన తరువాతనే ఖాళీ చేయాలి.

వాట్సాప్ ద్వారా వచ్చిన ఫోటోల విషయంలో జాగ్రత్త అవసరం. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదించి, అందులోని ఎక్సిఫ్ సమాచారాన్ని తీసివేస్తుంది. బంధువుల నుండి ఫోటోలు సేకరించేటపుడు వాటిని డాక్యుమెంటు రూపంలో పంపమని అడిగితే అసలు ఫైలు మార్పు లేకుండా అందుతుంది.

ఫోల్డర్లు, ఫైళ్ళ పేర్లు

చాలా కెమెరాలు ఫైలు పేరులో నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు వాడుతాయి. 1998లో జపానులో ఏర్పడిన ఒక ప్రమాణం దీనికి మూలం. లెక్క 9999కి చేరగానే మళ్ళీ 0001 నుండి మొదలవుతుంది. రెండు కెమెరాలున్న ఇంట్లో, లేక ఒకే కెమెరాను చాలాకాలం వాడిన ఇంట్లో ఒకే పేరు గల వేరువేరు ఫోటోలు ఏర్పడతాయి. వాటిని ఒకే ఫోల్డరులోకి నకలు చేసేటపుడు కంప్యూటరు అడిగే ప్రశ్నకు తొందరపడి 'మార్చివేయి' అని జవాబిస్తే పాత ఫోటో పోతుంది.

ఈ చిక్కు రాకుండా పేరును తేదీతో మొదలుపెడతారు. తేదీని సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో రాయాలి. ఇది 1988లో వెలువడిన ఐఎస్ఓ 8601 ప్రమాణపు పద్ధతి. కంప్యూటరు పేర్లను ఎడమ నుండి కుడికి పోల్చి వరుసపెడుతుంది. వాడుక పద్ధతిలో '15-08-2007', '02-01-2009' అని రాస్తే 2009 నాటి ఫోటో ముందు వస్తుంది. '2007-08-15', '2009-01-02' అని రాస్తే కాలక్రమం సరిగా వస్తుంది.

ఫోల్డర్లను సంవత్సరాల వారీగా చేసి, వాటి లోపల సందర్భాల వారీగా ఉంచడం సులువైన పద్ధతి. ఉదాహరణకు:

* 2015 / 2015-07-18 గోదావరి పుష్కరాలు రాజమండ్రి
* 2016 / 2016-08-14 కృష్ణా పుష్కరాలు విజయవాడ
* 2016 / 2016-11 గృహప్రవేశం

వ్యక్తుల వారీగా ఫోల్డర్లు చేయడం మొదట బాగానే కనిపిస్తుంది. కాని ఒక ఫోటోలో పదిమంది ఉంటే దానిని పది ఫోల్డర్లలో పెట్టవలసి వస్తుంది. వ్యక్తుల పేర్లను ఫోల్డర్లకు బదులు మెటాడేటాలో రాయడం మేలు.

ఫోల్డర్ల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. యూనీకోడులో తెలుగు 1991 నుండి ఉన్నది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుండి సాధారణ కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు కనిపిస్తున్నాయి. అయితే యూనీకోడుకు ముందరి డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పేర్లు, వ్యాఖ్యలు ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. అటువంటివి ఉంటే చదవగలిగినపుడే యూనీకోడులోకి మార్చుకోవాలి.

తేదీలను సరిదిద్దడం

కెమెరా నమోదు చేసిన తేదీ దాని గడియారం మీద ఆధారపడుతుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయినపుడు కొన్ని కెమెరాలలో గడియారం మొదటికి వస్తుంది. ఆ తరువాత తీసిన ఫోటోలన్నీ ఏదో ఒక జనవరి 1వ తేదీవిగా కనిపిస్తాయి.

విదేశాలలో పిల్లలున్న కుటుంబాలలో మరొక తేడా వస్తుంది. ఎక్సిఫ్‌లో కాలమండలాన్ని నమోదు చేసే ఏర్పాటు 2016లో వచ్చిన 2.31వ రూపం వరకు లేదు. భారత కాలమానం అమెరికా తూర్పు తీరపు ప్రామాణిక కాలం కంటె 10½ గంటలు, పడమటి తీరపు ప్రామాణిక కాలం కంటె 13½ గంటలు ముందుంటుంది. వేసవిలో ఈ తేడాలు ఒక్కొక్క గంట తగ్గుతాయి. న్యూజెర్సీ నుండి శీతాకాలంలో సెలవుకు వచ్చినవారు గడియారం మార్చకుండా తీస్తే, ఇక్కడ ఉదయం 8 గంటలకు జరిగిన పెళ్ళి క్రితం రోజు రాత్రి 9½ గంటలకు జరిగినట్లు నమోదవుతుంది. ఒకే పెళ్ళిలో రెండు కెమెరాలతో తీసిన ఫోటోలు కలిపినపుడు తలంబ్రాల తరువాత స్నాతకం కనిపించడానికి ఇదే కారణం. ఇటువంటి ఫోటోలన్నింటికీ ఒకే తేడా ఉంటుంది గనుక ఎక్సిఫ్‌టూల్ వంటి ఉచిత ఉపకరణంతో అన్నింటి సమయాన్ని ఒకేసారి జరపవచ్చు. ఫిల్ హార్వే రూపొందించిన ఈ ఉపకరణం 2003 నుండి అందుబాటులో ఉన్నది.

విండోస్‌లో కనిపించే 'సృష్టించిన తేదీ' ఫోటో తీసిన తేదీ కాదు. అది ఆ ఫైలు ఆ డిస్కులోకి చేరిన తేదీ. ఫోటోలను వరుసపెట్టేటపుడు 'తీసిన తేదీ' అనే వివరాన్నే ఆధారం చేసుకోవాలి.

పాత ఫోటోల స్కానింగు, కాలనిర్ణయం

ప్రింట్లను అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో స్కాను చేస్తే 4×6 అంగుళాల ఫోటో 2400×3600 పిక్సెళ్ళు, అనగా సుమారు 8.6 మెగాపిక్సెళ్ళు అవుతుంది. ఇంటి అవసరాలకు ఇది చాలును. ప్రింటు వెనుక రాత గాని, స్టూడియో ముద్ర గాని ఉంటే వెనుకవైపును కూడా స్కాను చేసి, అదే పేరు చివర 'వెనుక' అని చేర్చి దాచాలి. ఆల్బము పుటలకు అంటుకుపోయిన ఫోటోలను బలవంతంగా ఊడదీయరాదు. పుటను ఉన్నదున్నట్లుగా స్కాను చేయాలి.

స్కాను చేసిన ఫైలులో ఉండే తేదీ స్కాను చేసిన నాటిది. అసలు తేదీని వెతికి రాయాలి. తెలుగు ఇళ్ళలో దీనికి ఉపకరించే ఆధారాలు కొన్ని ఉన్నాయి.

* శుభలేఖలు: పాత శుభలేఖలలో తెలుగు సంవత్సరం, మాసం, తిథి ఉంటాయి. ఉదాహరణకు ఆనంద నామ సంవత్సరం 1974 ఉగాది నుండి 1975 ఉగాది వరకు నడిచింది. అరవై ఏళ్ళకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది గనుక దానికి ముందరి ఆనంద 1914-15. ఈ రెండింటిలో ఏదో ఫోటోలోని మనుషుల వయసును బట్టి తేలికగా తెలుస్తుంది.
* పుష్కరాలు: గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015 సంవత్సరాలలోను, కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016 సంవత్సరాలలోను జరిగాయి. పుష్కరాల ఫోటోలో పిల్లల వయసు చూస్తే ఏ పుష్కరమో నిర్ణయించవచ్చు.
* ప్రాంతీయ ఘటనలు: పెద్దలు తేదీలను సంఘటనలతో ముడిపెట్టి గుర్తుంచుకొంటారు. కృష్ణా జిల్లాలో 'ఉప్పెన వచ్చిన ఏడు' అంటే దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు అని అర్థం.

కచ్చితమైన తేదీ దొరకనపుడు ఊహించి రాయరాదు. '1977 సుమారు' అని రాసి, ఆ నిర్ణయానికి ఆధారమేమిటో వ్యాఖ్యలో పేర్కొనాలి.

నకళ్ళ ఏరివేత

ఒకే ఫోటో రెండు మూడు చోట్ల ఉండడం సహజం. ఫైలులోని సమాచారం నుండి లెక్కించే ఎస్‌హెచ్‌ఏ-256 వంటి గుర్తింపు సంఖ్యలను పోల్చి అచ్చంగా ఒకటే అయిన ఫైళ్ళను కంప్యూటరు కనిపెట్టగలదు. పేరు వేరైనా, సమాచారం ఒకటైతే సంఖ్య మారదు. పరిమాణం తగ్గించిన నకలుకు మాత్రం ఈ సంఖ్య వేరుగా వస్తుంది. అటువంటివి పోలిక ఆధారంగా వెతికే ఉపకరణాలతో గుర్తించి, ఎక్కువ పిక్సెళ్ళు, ఎక్సిఫ్ సమాచారం ఉన్నదానిని ఉంచాలి.

మసకబారినవి, ఒకే క్షణంలో వరుసగా తీసినవి తొలగించడం వలన సేకరణ చూడదగినదిగా తయారవుతుంది. అయితే ఫోటో బాగా రాలేదన్న కారణంతో తొలగించే ముందు అందులో ఉన్నవారిని చూడాలి. ఒక వ్యక్తికి ఉన్న ఏకైక ఫోటో మసకగా ఉన్నా దాచదగినదే.

వ్యక్తుల పేర్లు, వ్యాఖ్యలు

ముఖాలను గుర్తుపట్టే సౌకర్యం 2009లో ఆపిల్ వారి ఐఫోటో, గూగుల్ వారి పికాసా ఉపకరణాలలో వచ్చింది. ఇవి ఒకే ముఖం గల ఫోటోలను ఒకచోట చేర్చగలవు. ఆ ముఖం ఎవరిదో ఒకసారి మనిషి చెప్పాలి. పసిపిల్లలు, కవలలు, దగ్గరి పోలికలు గల అన్నదమ్ముల విషయంలో ఇవి పొరబడుతుంటాయి గనుక సరిచూడడం అవసరం.

పేర్లు రాసేటపుడు ఈ క్రింది విషయాలు గమనించాలి.

* వరుసలతో మాత్రమే రాయరాదు. 'అమ్మమ్మ' అనే మాట రాసినవారికి ఒకరిని, వారి పిల్లలకు వేరొకరిని సూచిస్తుంది. ఒకరికి మేనత్త అయినవారు మరొకరికి పిన్ని కావచ్చు. పూర్తి పేరు రాసి, వరుసను ఎవరికి ఏమవుతారో తెలిసేలా వ్యాఖ్యలో చేర్చాలి.
* తాతల పేర్లు మనుమలకు పెట్టే ఆచారం వలన ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు. పుట్టిన సంవత్సరం చేర్చితే తికమక ఉండదు.
* స్త్రీలకు పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు రెండూ రాయాలి. పెళ్ళికి ముందరి ఫోటోలు ఒక పేరుతోను, తరువాతివి మరొక పేరుతోను ఉంటే వెతుకులాటలో సగమే దొరుకుతాయి.
* ఇంట్లో పిలిచే ముద్దుపేరు కూడా చేర్చాలి. కొందరు పెద్దలకు బంధువుల అసలు పేరు కంటె ముద్దుపేరే గుర్తుంటుంది.
* ఒక వ్యక్తి పేరును ఎల్లప్పుడు ఒకే వర్ణక్రమంతో రాయాలి.
* గుంపు ఫోటోలలో వరుసలను, స్థానాలను తెలపాలి. 'కూర్చున్నవారు, ఎడమ నుండి' అని మొదలుపెట్టి రాయడం పాఠశాలల గ్రూపు ఫోటోల నుండి వస్తున్న పద్ధతి.

పెద్దలను అడిగే పనికి పద్ధతి అవసరం. ఒకేసారి వందల ఫోటోలు చూపితే అలసిపోతారు. ఒక్కొక్క పూట ఇరవై, ముప్పై ఫోటోలను పెద్ద తెరపై గాని, ప్రింట్లుగా గాని చూపి, వారు చెప్పే మాటలను ఫోన్లో రికార్డు చేసుకొని తరువాత వ్యాఖ్యలుగా రాయవచ్చు. రికార్డు చేసిన ధ్వని ఫైలును కూడా అదే తేదీ పేరుతో ఫోటోల పక్కనే దాచితే ఆ గొంతు కూడా మిగులుతుంది. ఈ పనికి పాత ఫోటోల నుండి మొదలుపెట్టాలి. నిన్నటి ఫోటోలోని వారిని గుర్తుపట్టేవారు ఇంకా చాలామంది ఉంటారు. అరవై ఏళ్ళనాటి పెళ్ళి ఫోటోలోని వారిని గుర్తుపట్టేవారు ఇంటికి ఒకరో ఇద్దరో ఉంటారు.

ఉపకరణాలు

ఫోటోల అమరికకు వచ్చిన ఉపకరణాలు కొన్ని ఎక్కువకాలం నిలవలేదు. 2004లో గూగుల్ కొనుగోలు చేసిన పికాసా భారతదేశంలో విరివిగా వాడబడింది. దానికి 2016 మార్చిలో మద్దతు నిలిపివేశారు. 2002లో మొదలైన ఐఫోటో స్థానంలో 2015లో 'ఫోటోస్' వచ్చింది. స్వేచ్ఛా సాఫ్టువేర్లలో డిజికామ్, షాట్‌వెల్ పేర్కొనదగినవి. డిజికామ్ విండోస్, మ్యాక్, లినక్సు మూడింటిలోను పనిచేస్తుంది.

పికాసాలో రాసిన వ్యాఖ్యలు జెపెగ్ ఫైలులోనే భద్రమయ్యేవి గనుక ఆ తరువాతి ఉపకరణాలలోను కనిపించాయి. అందులో కూర్చిన ఆల్బములు మాత్రం పికాసా స్వంత పట్టికలలో ఉండడం వలన చాలామందికి వెంట రాలేదు. ఏ ఉపకరణాన్ని వాడినా, అది రాసే సమాచారం ఫోటో ఫైలులోకి చేరుతున్నదా లేదా అని ముందుగా సరిచూసుకోవాలి. డిజికామ్‌లో దీనికి ప్రత్యేక అమరిక ఉన్నది.

ఐఓఎస్ 11 వచ్చిన 2017 నుండి ఐఫోన్లు జెపెగ్‌కు బదులు హీక్ రూపంలో ఫోటోలు దాచగలుగుతున్నాయి. వీటి పరిమాణం తక్కువ. పాత కంప్యూటర్లలో ఇవి తెరుచుకోకపోవచ్చు. జెపెగ్‌లోకి మార్చుకొన్నా అసలు ఫైలును కూడా ఉంచుకోవడం మేలు.

భద్రత

అమెరికాకు చెందిన ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఫోటోల భద్రతకు విస్తృతంగా ఆమోదం పొందినది. దాని ప్రకారం మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు వేరువేరు రకాల మాధ్యమాలలో ఉండాలి, అందులో ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి.

మూడవ నియమం ఎందుకు అవసరమో ఆంధ్ర ప్రాంతపు అనుభవమే చెబుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర వరదలో కర్నూలు పట్టణం మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని పలు కాలనీలను ముంచెత్తింది. ఇటువంటి సమయాలలో కంప్యూటరు, దాని పక్కనే బీరువాలో ఉన్న నకలు హార్డుడిస్కు, పాత ఆల్బములు కలిసే నీటి పాలవుతాయి. ఒక ప్రతి వేరే ఊళ్ళోని బంధువుల ఇంట్లోనో, అంతర్జాల నిల్వలోనో ఉంటే ఫోటోలు మిగులుతాయి.

ఒక్కొక్కటి 4 మెగాబైట్ల చొప్పున 20,000 ఫోటోలకు సుమారు 80 గిగాబైట్ల చోటు కావాలి. 700 మెగాబైట్ల సీడీలైతే దీనికి 115 అవసరమవుతాయి. నేటి చిన్న హార్డుడిస్కులో ఇది ఒక మూలకు సరిపోతుంది. హార్డుడిస్కులు కూడా శాశ్వతం కావు. కొన్నేళ్ళకొకసారి కొత్తదానిలోకి మార్చుకొంటూ ఉండాలి.

అంతర్జాల సేవలలో ఫోన్లతో సరిపోల్చుకొనే పద్ధతిని మాత్రమే నకలుగా భావించరాదు. ఫోన్లో తొలగించిన ఫోటో అక్కడ కూడా తొలగిపోవచ్చు. సేవల షరతులు కూడా మారుతుంటాయి. 2015లో మొదలైన గూగుల్ ఫోటోస్ కుదించిన ఫోటోలకు అపరిమిత ఉచిత నిల్వ ఇచ్చేది. 2021 జూన్ 1 నుండి చేర్చిన ఫోటోలను ఖాతాకు చెందిన 15 గిగాబైట్ల ఉచిత నిల్వలో లెక్కిస్తున్నారు. ఫ్లికర్ 2018లో ఉచిత ఖాతాలకు 1,000 ఫోటోల పరిమితిని ప్రకటించింది.

వారసత్వం

ఒక వ్యక్తి సంకేతపదంతో మూసి ఉన్న ఫోటోలు ఆ వ్యక్తి తదనంతరం కుటుంబానికి అందకపోవచ్చు. రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని ఫోటోలతో సహా తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలులోకి తెచ్చింది. ఖాతా వాడుకలో లేకపోతే సమాచారాన్ని ఎవరికి ఇవ్వాలో ముందే సూచించే ఏర్పాటు గూగుల్‌లో 2013 నుండి ఉన్నది. ఆపిల్ ఇటువంటి ఏర్పాటును 2021 డిసెంబరులో ప్రవేశపెట్టింది.

ఫోటోలను ఒకరే సర్దినా, ఆ పద్ధతి ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి. ఫోల్డర్ల వరుస, పేర్ల పద్ధతి, నకళ్ళు ఉన్న చోట్లు వివరిస్తూ ఒక పుట రాసి, సేకరణ మొదట్లో ఫైలుగాను, కాగితంపై ముద్రించి ఇంటి పత్రాలతోను ఉంచుతారు. సంవత్సరానికి కొన్ని ముఖ్యమైన ఫోటోలను ఎంచి, వెనుక పేర్లు రాసిన ప్రింట్లుగా ఉంచుకొంటే కంప్యూటరు వాడని పెద్దలు కూడా చూసుకోగలుగుతారు, తెలిసిన పేర్లు చెప్పగలుగుతారు.